పింఛను పెరుగుతోందా, కరుగుతోందా?

తెలుగు రాష్ట్రాల్లో పింఛను మీద ఇరవై ఏళ్లుగా రెండు చర్చలు నడుస్తున్నాయి. ఒకటి ఉద్యోగ సంఘాల మహాసభల్లోనూ సచివాలయంలోనూ సాగేది: సీపీఎస్ (ఉద్యోగి వాటాతో నడిచే పింఛను పథకం) రద్దు చేయాలా, పాత పింఛను మళ్లీ తేవాలా అని. రెండోది ఊళ్లలోనూ ఎన్నికల సభల్లోనూ సాగేది: వృద్ధాప్య పింఛను ఎవరి హయాంలో ఎంత పెరిగింది, రేపు ఇంకెంత పెరుగుతుంది అని. మొదటి చర్చలో ఉన్నవారికి రెండోది పట్టదు, రెండో చర్చలో ఉన్నవారి దాకా మొదటిది రాదు. ఈ రెండింటికీ చెందనివారు మధ్యలో మిగిలిపోయారు. వీరిలో స్పిన్నింగు మిల్లులోనో, మందుల కంపెనీలోనో, ప్రైవేటు బడిలోనో జీవితమంతా పనిచేసి ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) కింద నెలకు వెయ్యో రెండు వేలో తీసుకునేవారున్నారు. ఏ జాబితాలోనూ పేరు లేనివారూ ఉన్నారు. చర్చ ఇలా ముక్కలు కావడంతో అసలు ప్రశ్న పక్కకు పోయింది. ఒళ్లు సహకరించని వయసులో సామాన్యుడు పని మానేసి పింఛనుతో బతకగలడా?

ఇప్పటిదాకా ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులను వరుసగా పరిశీలిస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. పింఛను సొమ్ము ఖజానా నుంచి రావాలా, జీతంలో కోత నుంచి రావాలా అన్నదాని మీద మనం చాలా పోట్లాడుకున్నాం. చేతికందే పింఛను ధరలతో పాటు పెరుగుతుందా లేదా అన్నదాని మీద దాదాపు మాట్లాడలేదు. ముసలితనంలో ఎవరు నిలదొక్కుకుంటారు, ఎవరు కుంగిపోతారు అన్నది ఎక్కువగా తేలేది మాత్రం అక్కడే.

మూడు దారుల చరిత్ర

ప్రభుత్వోద్యోగి పింఛను బ్రిటిష్ కాలం నాటిది. అది ప్రభుత్వ దయాధర్మం కాదని, చేసిన సేవకు వాయిదా వేసి ఇచ్చే ప్రతిఫలమని, కాబట్టి హక్కు అని సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న తేల్చి చెప్పింది. పింఛనుదారులు ఏటా ఆ రోజునే తమ దినోత్సవంగా జరుపుకుంటారు. పాత పద్ధతిలో చివరి జీతంలో సగం పింఛనుగా వచ్చేది. ఉద్యోగి ఏమీ కట్టనక్కర్లేదు. ధరలు పెరిగినప్పుడల్లా కరవు భత్యం కలిసేది. 1990ల చివర కేంద్రం నియమించిన ఎస్.ఎ. దవే కమిటీ అసంఘటిత కార్మికుల వృద్ధాప్యం కోసం వ్యక్తిగత పొదుపు ఖాతాల పద్ధతిని సూచించింది. ఆ ఆలోచన ముందుగా అమలైంది మాత్రం ప్రభుత్వోద్యోగుల మీదే. సాయుధ బలగాలను మినహాయించి, 2004 జనవరి 1 నుంచి చేరిన కేంద్ర ఉద్యోగులకు జాతీయ పింఛను పథకం (ఎన్‌పీఎస్) వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సీపీఎస్ పేరుతో అమలైంది. సీపీఎస్‌లో ఉద్యోగి 10 శాతం, ప్రభుత్వం 10 శాతం కట్టాలి. సొమ్ము మార్కెట్లో పెరుగుతుంది. రిటైరైనప్పుడు కనీసం 40 శాతంతో బీమా కంపెనీ దగ్గర నెలనెలా వచ్చే పింఛను కొనుక్కోవాలి.

రెండో దారి ప్రైవేటు సంఘటిత రంగానిది. 1952 నాటి భవిష్యనిధి చట్టం కింద చాలాకాలం పీఎఫ్ మాత్రమే ఉండేది. 1971లో కుటుంబ పింఛను కలిసింది. 1995 నవంబరు 16 నుంచి ఈపీఎస్ మొదలైంది. మూడోది ఏ ఉద్యోగమూ లేని పేదలది. రాష్ట్రాలు అంతకుముందు నుంచే వృద్ధులకు కొద్దిపాటి పింఛను ఇస్తున్నా, జాతీయ స్థాయిలో వృద్ధాప్య పింఛను పథకం 1995 ఆగస్టు 15 నుంచి నెలకు 75 రూపాయలతో మొదలైంది. ఈపీఎస్, జాతీయ వృద్ధాప్య పింఛను రెండూ మూడు నెలల తేడాలో, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలంలోనే పుట్టాయి. సంఘటిత కార్మికుడికీ నిరుపేద వృద్ధుడికీ దేశం ఇచ్చిన రెండు పెద్ద హామీలివి. రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. ధరలు పెరిగితే పింఛను దానంతటదే పెరగాలన్న నిబంధన రెండు పథకాల్లోనూ లేదు.

దేనితో కొలవాలి?

పింఛను చాలుతుందా అంటే, దేనికి చాలాలో ముందు తేల్చుకోవాలి. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం, ఉచితంగా వచ్చిన సరుకుల విలువ కలపకుండా, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఒక మనిషికి నెలకు సగటు ఖర్చు 5,327 రూపాయలు, పట్టణాల్లో 7,182. తెలంగాణ పల్లెల్లో 5,435, పట్టణాల్లో 8,978. సగటు ఖర్చు పేదరికపు గీత కాదు, నిజమే. పేదలు ఇంతకన్నా తక్కువతోనే గడుపుతున్నారు. వృద్ధులకు తిండి ఖర్చు కాస్త తగ్గవచ్చు. మందుల ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఎటు చూసినా చుట్టుపక్కల వారిలా బతకాలంటే ఎంత కావాలో చెప్పే అంచనాగా ఈ అంకెలు పనికొస్తాయి.

ఇంకో కొలత కాలం. అరవై ఏళ్ల మనిషి ఇంకా ఎన్నాళ్లు బతుకుతాడన్న దానికి 2023 నాటి భారత వృద్ధాప్య నివేదిక చెప్పిన సగటు 18 ఏళ్ల పైచిలుకు. మగవారికి 17.5, ఆడవారికి 19. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర ఉంచడం రిజర్వు బ్యాంకు లక్ష్యం. ఆ లక్ష్యం ఏటా తప్పకుండా నెరవేరినా 18 ఏళ్లలో ధరలు రెట్టింపవుతాయి. అంటే అరవయ్యో ఏట చాలినంతగా ఉన్న పింఛను కదలకుండా ఉండిపోతే, చివరి ఏళ్లకు వచ్చేసరికి సగం విలువకు పడిపోతుంది. ఆస్పత్రి ఖర్చులు ఎక్కువయ్యేదీ, ఆసరా తగ్గిపోయేదీ, ముఖ్యంగా భర్త పోయిన స్త్రీలు ఒంటరిగా మిగిలేదీ ఆ చివరి ఏళ్లలోనే.

పాతదా, కొత్తదా

ఉద్యోగుల పింఛను వివాదంలో రెండు పక్షాలకూ బలమైన వాదనలున్నాయి. ఉద్యోగ సంఘాలు నకారా తీర్పును ముందు పెడతాయి. ముప్పై ఏళ్లు పనిచేసిన ఉపాధ్యాయుడి వృద్ధాప్యం, రిటైరైన ఏడాది మార్కెట్ ఎలా ఉందన్నదాని మీద ఆధారపడకూడదంటాయి. ఇందులో న్యాయం ఉంది. 2004 తర్వాత నడివయసులో ఉద్యోగంలోకి వచ్చి పది, పదిహేనేళ్లకే రిటైరైనవారి ఖాతాల్లో పోగైన సొమ్ముతో చెప్పుకోదగ్గ పింఛను రాదు. పైగా బీమా కంపెనీ ఇచ్చే పింఛను సాధారణంగా జీవితాంతం ఒకే అంకె. ఏటా కొంత పెరిగేది ఎంచుకుంటే మొదట్లో వచ్చేది బాగా తగ్గుతుంది. పాత పింఛనుతో పోల్చినప్పుడు సీపీఎస్ ఉద్యోగి పోగొట్టుకున్నది చివరి జీతంలో సగం అన్న హామీ ఒక్కటే కాదు, కరవు భత్యం కూడా. అరవయ్యో ఏట మొదటిది పెద్దదిగా కనిపిస్తుంది. డెబ్బై అయిదేళ్లకు రెండోది అంతకన్నా బరువైనదని తెలుస్తుంది.

ఖజానా వైపు వాదన కూడా తేలిగ్గా తోసిపుచ్చదగ్గది కాదు. రాష్ట్రాలన్నీ పాత పద్ధతికి తిరిగివెళితే మొత్తం భారం ఎన్‌పీఎస్‌తో పోలిస్తే నాలుగున్నర రెట్ల దాకా పెరగవచ్చని 2023లో రిజర్వు బ్యాంకు పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ పాత పింఛనుకు మళ్లినప్పుడు తొలి ఏళ్లలో ఖర్చు తగ్గినట్టే కనిపించింది. నెలనెలా కట్టాల్సిన వాటా ఆగిపోతుంది కదా. అసలు బిల్లు వచ్చేది 2004 తర్వాత చేరినవారు మూకుమ్మడిగా రిటైరయ్యే నాటికి. దాన్ని కట్టేది అప్పటి పన్నుదారులు. వారిలో అత్యధికులకు ఏ పింఛనూ లేదు. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా జీఎస్టీ కట్టే కూలి మనిషి, తనకు లేని భద్రతను ఇంకొకరికి కొనిపెట్టాలా అన్న ప్రశ్నకు ఉద్యోగ సంఘాలు ఇప్పటికీ సూటిగా జవాబు చెప్పలేదు.

రాజీ దారికి ముందుగా చట్టరూపం ఇచ్చింది ఆంధ్రప్రదేశే. 2019 ఎన్నికల ముందు, అధికారంలోకి వచ్చిన వారంలో సీపీఎస్ రద్దు అన్న హామీ వచ్చింది. అది నెరవేరలేదు. దాని బదులు 2023లో గ్యారంటీడ్ పింఛను చట్టం వచ్చింది. ఉద్యోగి వాటా కొనసాగుతుంది, చివరి మూలవేతనంలో సగానికి హామీ ఉంటుంది, దాని మీద కరవు భృతి కలుస్తుంది. సంఘాల్లో చాలావరకు దీన్ని ఒప్పుకోలేదు. ఆ మరుసటి ఏడాది, 2024 ఆగస్టులో, కేంద్రం ప్రకటించిన ఏకీకృత పింఛను పథకం (యూపీఎస్) కూడా దాదాపు ఈ పోలికతోనే ఉంది. 25 ఏళ్ల సర్వీసుకు చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం, పదేళ్ల సర్వీసుకైనా కనీసం 10,000, కుటుంబ పింఛను 60 శాతం, అన్నిటికీ ధరల సవరణ. ప్రభుత్వ వాటా 18.5 శాతానికి పెరిగింది. ఉద్యోగి వాటా, ప్రభుత్వ హామీ, ధరల సవరణ మూడూ ఒకే పథకంలో ఇముడుతాయని ఈ రెండూ ఒప్పుకున్నాయి. అలాంటప్పుడు ఆ ఏర్పాటు ప్రభుత్వోద్యోగి దగ్గరే ఎందుకు ఆగిపోవాలి?

ఈపీఎస్: ఎవరి అజెండాలోనూ లేని మధ్య వరుస

మొత్తం చర్చలో అతి తక్కువ వెలుగు పడ్డది ఈపీఎస్ మీద. అందుకే ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. యజమాని వాటా నుంచి జీతంలో 8.33 శాతం పింఛను నిధికి పోతుంది, కేంద్రం 1.16 శాతం కలుపుతుంది. ఈ లెక్కకు తీసుకునే జీతానికి ఒక పరిమితి ఉంది. అది 2001లో 6,500, 2014 సెప్టెంబరు నుంచి 15,000. ఆ తర్వాత పదేళ్లు దాటినా కదలలేదు. జీతం ముప్పై వేలైనా యజమాని వాటా నుంచి పింఛను నిధికి చేరేది నెలకు 1,250 రూపాయలే. పింఛను సూత్రం సులువైనది. లెక్కకు వచ్చే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగిస్తారు. 15,000 జీతానికి, 35 ఏళ్ల సర్వీసుకు 7,500 వస్తుంది. కానీ 2014కు ముందరి సర్వీసును పాత పరిమితితోనే లెక్కిస్తారు. కాబట్టి ఈ పరిమితి ఇలాగే ఉంటే, పూర్తి 7,500 అందుకునే మామూలు కార్మికుడు 2040ల చివర గానీ కనబడడు. అప్పటి ధరల్లో ఆ సొమ్ము దేనికి చాలుతుంది? ఈరోజే తెలంగాణ పట్టణాల్లో ఒక మనిషి సగటు ఖర్చుకు అది చాలదు, దంపతుల మాట దేవుడెరుగు.

కింది మెట్టు మీద ఉన్నవారి పరిస్థితి మరీ ఘోరం. ఈపీఎస్ పింఛనుదారులు 75 లక్షలకు పైనే ఉన్నారు. కనీస పింఛనును 2014లో వెయ్యి రూపాయలు చేశారు. అంతకు ఏడాది ముందే, కోశ్యారీ నాయకత్వంలోని రాజ్యసభ కమిటీ మూడు వేలు ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ మూడు వేలు రాలేదు. వచ్చిన వెయ్యి రూపాయలకు ఇప్పుడున్న విలువ 2014 నాటి ఆరు వందలకు మించదు. ఉపాధి హామీ కూలి 2025-26లో తెలుగు రాష్ట్రాల్లో రోజుకు 307 రూపాయలు. ఇరవై, పాతికేళ్లు మిల్లులో నిలబడి పనిచేసిన మనిషికి నెల మొత్తానికి వస్తున్నది మూడు రోజుల ఉపాధి కూలి. పూర్తి జీతం మీద వాటా కట్టి ఎక్కువ పింఛను పొందే వెసులుబాటు మీద సుప్రీంకోర్టు 2022 నవంబరులో తీర్పు ఇచ్చింది. పత్రికల్లో ఈపీఎస్ గురించి వచ్చిన వార్తల్లో ఎక్కువ భాగం దాని మీదే. అది పెద్ద జీతాల వారికి సంబంధించిన విషయం. వెయ్యి రూపాయల మనిషికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. 1998లో వచ్చిన బొగ్గుగని పింఛను పథకంలోనూ ధరలతో పాటు పెరిగే ఏర్పాటు లేదు. కోల్‌బెల్టులో సింగరేణి విశ్రాంత కార్మికుల ఆవేదనకు మూలం అదే.

ఎన్నికలు పెంచిన పింఛను

పేదల పింఛను విషయంలో కేంద్రం తీరును సమర్థించడం కష్టం. 75 రూపాయలను 2006లో 200 చేశారు. 80 ఏళ్లు దాటినవారికి 2011లో 500 చేశారు. 60 నుంచి 79 ఏళ్ల వారికి ఆ 200 రూపాయలు అక్కడే ఉన్నాయి. ఈలోగా ధరలు మూడింతలు దాటాయి. పొరుగున ఉన్న నేపాల్ మనకన్నా పేద దేశం. అక్కడ 68 ఏళ్లు దాటి, వేరే ప్రభుత్వ పింఛను లేని వృద్ధులకు నెలకు 4,000 నేపాలీ రూపాయలు, అంటే మన లెక్కలో 2,500, పేదరికపు జాబితాలతో పని లేకుండా ఇస్తున్నారు.

తెలుగు రాష్ట్రాలు ఈ లోటును తమ డబ్బుతో పూడ్చాయి. అందుకు మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 200 నుంచి 1,000, 2019 మొదట్లో 2,000, ఆ ఏడాదే 2,250, తర్వాత మెట్లు మెట్లుగా 2024 జనవరికి 3,000, అదే ఏడాది జూలై నుంచి 4,000. పదేళ్లలో ఇరవై రెట్లు. పార్టీలు మారినా పెంపు ఆగలేదు. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పింఛను 1,000తో మొదలై 2019లో 2,016 అయింది. 2022లో అర్హత వయసు 65 నుంచి 57కు తగ్గింది. బీడీ కార్మికులు, ఒంటరి మహిళలు, గీత, చేనేత కార్మికులు కూడా ఈ పరిధిలోకి వచ్చారు. పల్లె సగటు ఖర్చుతో పోలిస్తే ఆంధ్రప్రదేశ్ వృద్ధుడి 4,000 ముప్పాతిక భాగం. దేశంలో పేదల అవసరానికి ఇంత దగ్గరగా వచ్చిన పింఛను అరుదు.

అయితే ఈ విజయంలోనే ఒక బలహీనత ఉంది. ప్రతి పెంపూ ఎన్నికల హామీ నుంచి వచ్చింది. చట్టం నుంచి వచ్చింది ఒక్కటీ లేదు. ఒక ఎన్నికకూ ఇంకో ఎన్నికకూ మధ్య విలువ కరుగుతూనే ఉంటుంది. తెలంగాణ 2,016 దీనికి నిదర్శనం. 2019లో పెరిగాక ఆ అంకె ఏళ్ల తరబడి అక్కడే నిలిచింది. 2023 ఎన్నికల్లో 4,000 హామీ వచ్చిన తర్వాత కూడా వృద్ధులు ఆ పాత మొత్తాన్నే అందుకుంటూ వచ్చారు. పైగా సాధారణంగా ఇంటికి ఒక వృద్ధాప్య పింఛనే. భార్యాభర్తలిద్దరూ ముసలివాళ్లయితే ఆంధ్రప్రదేశ్‌లో తలకు రెండు వేలు, తెలంగాణలో వెయ్యి రూపాయల చిల్లర. ఇందాక చెప్పిన ముప్పాతిక భాగం దంపతుల విషయంలో సగానికి కూడా రాదు. ఎన్నికల ప్రసంగాల్లో ఈ సంగతి వినిపించదు.

పొదుపు చేసుకున్నవారికి ఏం మిగిలింది?

మరో ఆలోచనా ధోరణి ఉంది. ప్రభుత్వం మీద ఆధారపడకుండా, వయసులో ఉన్నప్పుడే ప్రజలు పొదుపు చేసుకోవాలన్నది దాని సారం. 2015లో వచ్చిన అటల్ పింఛను యోజన దీనికి ప్రతినిధి. 18 ఏళ్ల వయసులో చేరి నెలకు 210 రూపాయలు కడితే అరవై నుంచి నెలకు 5,000 వస్తుంది. కోట్లమంది చేరారు. వారిలో అత్యధికులు ఎంచుకున్నది 1,000 రూపాయల మెట్టు. 5,000 మెట్టునే తీసుకుందాం. 42 ఏళ్ల పాటు ధరలు రిజర్వు బ్యాంకు కోరుకున్నట్టు 4 శాతం చొప్పునే పెరిగినా, ఈరోజు చేరిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి రాబోయే ఆ 5,000 నేటి విలువలో 960 రూపాయలు. 1,000 మెట్టు ఎంచుకున్నవారికి 190. హామీ నిజమైనదే. ప్రభుత్వం తప్పకుండా ఇస్తుంది. కానీ ఆ సొమ్ముతో ముసలితనం గడవదని ఆ కుర్రాడికి చేరేటప్పుడు ఎవరూ చెప్పడం లేదు.

పేదలు పొదుపు చేయరన్న మాట మాత్రం అబద్ధం. దానికి సాక్ష్యం ఇక్కడే ఉంది. 2009లో ఉమ్మడి రాష్ట్రం స్వయం సహాయక సంఘాల మహిళల కోసం చట్టం చేసి అభయ హస్తం తెచ్చింది. సభ్యురాలు రోజుకు ఒక రూపాయి, ప్రభుత్వం ఒక రూపాయి, అరవై దాటాక కనీసం 500 పింఛను. లక్షలాది మహిళలు ఏటా 365 రూపాయలు కట్టారు. రాష్ట్రం విడిపోయాక పథకం నీరసించింది. చివరికి తెలంగాణలో వారు కట్టిన సొమ్మును తిరిగి ఇచ్చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. గల్ఫ్ వలస కార్మికుల కోసం 2012లో కేంద్రం తెచ్చిన ప్రవాసీ సురక్షా యోజన కూడా కొన్నేళ్లకే మూతపడింది. కరీంనగర్, నిజామాబాద్, కడప పల్లెల నుంచి వెళ్లి ఇరవై ఏళ్లు ఎండలో పనిచేసినవారు ఏ దేశపు పింఛనూ లేకుండా తిరిగివస్తున్నారు. పొదుపు పథకాలు నలభై ఏళ్లు నిలబడాలి. మన ప్రభుత్వాలు ఈ రెండింటినీ పదేళ్లు కూడా నిలబెట్టలేకపోయాయి.

పక్కపక్కన పెట్టి చూస్తే

ధరలు పెరిగితే దానంతటదే పెరిగేది పాత పింఛను. యూపీఎస్, ఆంధ్రప్రదేశ్ గ్యారంటీ చట్టం కూడా అంతే. ఈ మూడూ ప్రభుత్వోద్యోగులవే. ఈపీఎస్, అటల్ యోజన, బొగ్గుగని పింఛను, కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను ధరలను పట్టించుకోవు. ఎన్‌పీఎస్ నుంచి కొనుక్కునే పింఛనుదీ చాలావరకు అదే దారి. రాష్ట్రాల సామాజిక పింఛను ఎన్నికలు వస్తే పెరుగుతుంది, లేకపోతే ఆగుతుంది. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న కోణంలో చూస్తే వీటి మధ్య ఏ వరుసా కనబడదు. ఖజానా డబ్బుతో నడిచేవి రెండు వైపులా ఉన్నాయి, కార్మికుడి వాటాతో నడిచేవీ రెండు వైపులా ఉన్నాయి. ధరల కోణంలో చూస్తే మాత్రం గీత స్పష్టంగా ఉంది. బేరమాడే బలం ఉన్నవారికి రక్షణ దొరికింది, లేనివారికి దొరకలేదు.

అభ్యంతరాలు

ఈ వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం ఖజానా తట్టుకోలేదన్నది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 65 లక్షల మందికి సగటున 4,000 చొప్పున లెక్కేసినా ఏడాదికి 31,000 కోట్లు దాటుతుంది. అప్పుల్లో ఉన్న రాష్ట్రానికి ఇది చిన్న భారం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ధరల సవరణ అంటే కొత్త వరం ఇవ్వడం కాదు, ఇచ్చినదాన్ని నిలబెట్టడం. ధర పెరిగినప్పుడు దాని మీద వచ్చే జీఎస్టీ కూడా పెరుగుతుంది. సరుకు ధరతో పాటు తన రాబడి పెరగడాన్ని ఒప్పుకునే ఖజానా, పింఛనుదారుడి రాబడి విషయంలో కాదనడం న్యాయం కాదు. 4 శాతం సవరణకు ఏడాదికి అదనంగా అయ్యేది పన్నెండు, పదమూడు వందల కోట్లు. ఎన్నికల ముందు ఒక్కసారిగా వెయ్యి రూపాయలు పెంచినప్పుడు పడే భారంతో పోలిస్తే దీన్ని ముందుగా లెక్కలో పెట్టుకోవడం ఆర్థిక శాఖకూ తేలికే. కేంద్రం విషయంలో ఈ అభ్యంతరం మరీ బలహీనం. దాని జాబితాలోని సుమారు 2.2 కోట్ల వృద్ధులకు 2006 నాటి విలువ తిరిగి ఇవ్వాలన్నా ఏడాదికి అయ్యే అదనపు ఖర్చు పన్నెండు, పదమూడు వేల కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్ల పైచిలుకు.

రెండో అభ్యంతరం, మన కుటుంబాల్లో పిల్లలు చూసుకుంటారు కదా అన్నది. చాలామంది చూసుకుంటున్నారు కూడా. అయినా 2007లో తల్లిదండ్రుల పోషణ కోసం చట్టం చేయాల్సి వచ్చింది. దేశంలో వృద్ధుల్లో 18.7 శాతం మందికి ఎలాంటి ఆదాయమూ లేదని ఇందాక చెప్పిన 2023 నివేదికే తెలిపింది. ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. 2024లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపునిచ్చింది ఈ భయంతోనే. కానీ వచ్చే ఇరవై ఏళ్లలో అరవై దాటబోయేవారు ఇప్పటికే నలభై దాటారు. ఇప్పుడు పుట్టే పిల్లలు వారిని ఆదుకునే స్థితికి రావడానికి పాతికేళ్లు పడుతుంది. పేద కుటుంబంలో ముసలివారి భారం మోయాల్సింది కూడా పేద కొడుకే, పేద కూతురే. పింఛను విలువ కరిగినప్పుడు ఆ లోటు వారి పిల్లల చదువు మీద పడుతుంది.

మూడో అభ్యంతరం అనర్హుల గురించి. జాబితాల్లో అనర్హులు ఉన్నారు, ఏరివేతలు అవసరమే. అయితే అనర్హుడు ఒకడు ఉన్నాడని అర్హుడి పింఛను విలువను కరగనివ్వడం ఏ లెక్కన చూసినా సమర్థనీయం కాదు.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలకు ఇప్పటికీ గట్టి జవాబు లేదు. పింఛను అందరికీ ఇవ్వాలా, పేదలకే ఇవ్వాలా? అందరికీ ఇస్తే ఎవరూ తప్పిపోరు, కానీ మొత్తం పలచబడుతుంది. వయసు 57 ఉండాలా, 60 ఉండాలా? ఒంటి కష్టం చేసేవారు త్వరగా అలిసిపోతారు కాబట్టి వృత్తిని బట్టి వయసు తేడా పెట్టడంలో అర్థముంది. అయితే వృత్తికో పింఛను పెట్టుకుంటూ పోతే, ఏ వృత్తి పేరూ చెప్పుకోలేని కౌలు రైతు, ఇంటి పని మనిషి వెనకబడతారు. ఇంటికి ఒకే పింఛను అన్న నిబంధన తీసేస్తే ఎంత భారం పడుతుందో లెక్క వేసి ప్రజల ముందు పెట్టాలి. వైద్యం సంగతి వేరే వ్యాసమే అవుతుంది. ఆరోగ్యశ్రీ గానీ, 70 ఏళ్లు దాటినవారికి 2024లో వచ్చిన ఆయుష్మాన్ కార్డు గానీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తాయి. బీపీకి, సుగరుకు నెలనెలా కొనుక్కునే మందులు పింఛనులోంచే పోతాయి.

ఇప్పటి లెక్కల ప్రకారం సామాన్యుడు పింఛనుతో పని మానేయలేడు. ఆంధ్రప్రదేశ్ పల్లెలో సొంత గుడిసె, రేషను బియ్యం ఉన్న ఒంటరి వృద్ధురాలు మాత్రం కటాకటిగా నెట్టుకురాగలదు. అదీ ఆ 4,000 కరిగిపోనంత కాలం. అందుకని రెండు రాష్ట్రాల శాసనసభలూ చేయదగిన పని ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ తన ఉద్యోగుల కోసం 2023 చట్టంలో రాసుకున్న ధరల సవరణను సామాజిక పింఛనుకు కూడా చట్టంలో రాయాలి. అంకె మీద పార్టీలు పోటీ పడనీ, ఏటా జరిగే సవరణ మాత్రం వారి ఇష్టానికి వదలకూడదు. ఈపీఎస్ కనీస పింఛను విషయంలో ఇదే నిబంధన కోసం ఇక్కడి ఎంపీలు పార్లమెంటులో పట్టుబట్టాలి. కరవు భత్యం బకాయిల కోసం పోరాడే ఉద్యోగ సంఘాలకు ధరల సవరణ విలువ అందరికన్నా బాగా తెలుసు. తమ డిమాండ్ల పత్రంలో వెయ్యి రూపాయల మిల్లు కార్మికుడినీ, 2,016 రూపాయల బీడీ కార్మికురాలినీ చేర్చుకోమని ఆ సంఘాలను కోరుతున్నాను.